తండా నుంచి సాగర్ రింగ్ రోడ్డు దాకా: మన ఇళ్ళు ఎంత దూరం కదిలాయి?



హస్తినాపురంలోనో బి.ఎన్.రెడ్డి నగర్‌లోనో మనవాళ్ళ పెళ్ళికి వెళ్తే పెద్దవాళ్ళు అడిగే మొదటి మాట "మీదే తండా?" అని. రెండోది "ఏ గోత్రం?" అని. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది మూడో ప్రశ్న. దానికి చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఇక్కడే, అద్దెకు." ఇరవై ఏళ్ళ కింద వచ్చినవాళ్ళూ ఆ మాటే అంటారు, నిరుడు వచ్చినవాళ్ళూ ఆ మాటే అంటారు. తండా పేరు చెప్పేటప్పుడు ఉన్న నిండుదనం ఇంటి అడ్రసు చెప్పేటప్పుడు ఉండదు.

మన జాతిని గురించి రాసినవాళ్ళంతా "సంచార జాతి" అనే మాటతో మొదలుపెడతారు. ఎడ్ల మీద సరుకులు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్ళని రాస్తారు. అది నిజమే. అయితే ఒక బంజారా కుటుంబం ఇల్లు మారినప్పుడు నిజంగా ఎంత దూరం కదిలింది? ఎందుకు అంతే దూరం కదిలింది? ఈ లెక్క ఎవరూ పెద్దగా వేయలేదు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంలో స్థిరపడిన మనవాళ్ళ కథను ఆ దూరాల లెక్కతో చెప్పుకుందామని ఈ వ్యాసం.

రోజుకు ఆరేడు మైళ్ళు

పీటర్ మండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో ఉత్తర భారతంలో ప్రయాణిస్తూ దారిలో ఒక తండాను చూశాడు. అందులో ధాన్యం మోస్తున్న ఎద్దులు 14,000 ఉన్నాయని రాసుకున్నాడు. ఆడవాళ్ళు, పిల్లలు, ఇంటి సామాను అంతా ఆ మందతోనే కదులుతోంది. ఆ తండా రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడవదని కూడా రాశాడు. అంటే పది, పదకొండు కిలోమీటర్లు. ఈనాటి లెక్కలో చెప్పాలంటే దిల్‌సుఖ్‌నగర్‌లో పొద్దున బయల్దేరిన తండా సాయంత్రానికి హయత్‌నగర్ దగ్గర దిగుతుంది.

ఈ ఉదాహరణ ఊరికే చెప్పలేదు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు వెళ్ళే పాత వర్తక మార్గం హయత్‌నగర్ మీదుగానే సాగేది. కుతుబ్‌షాహీ రాణి హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు అది. కోస్తా ఉప్పును లోపలి ప్రాంతాలకు, లోపలి ధాన్యాన్ని మరో చోటికి చేరవేయడం మనవాళ్ళ వృత్తి. లవణం అనే మాట నుంచే లమాణీ, లంబాడీ పేర్లు వచ్చాయని చాలామంది పండితుల అభిప్రాయం. కాబట్టి ఇవాళ విజయవాడ హైవే అని పిలుస్తున్న దారిని మన ఎడ్ల మందలు ఎన్నోసార్లు తొక్కే ఉండాలి. సిటీ బస్సు పుట్టకముందే, కాలనీ అనే మాట వినకముందే మనవాళ్ళు ఈ నేల మీద నడిచారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఏడాది మొత్తం మీద వాళ్ళు వందల మైళ్ళు తిరిగారు. కానీ ఇల్లు వదిలి తిరగలేదు, ఇంటితోనే తిరిగారు. నాయక్, కార్‌భారీ, మేనమామలు, పెళ్ళి సంబంధాలు, దేవత, పంచాయితీ అన్నీ మందతో పాటే నడిచాయి. చోటు మారింది గాని ఇరుగుపొరుగు మారలేదు. నగరంలో జరిగింది దీనికి సరిగ్గా తిరగబడిన కథ.

ఎద్దుల బాట ఆగిన రోజులు

వాడి నుంచి సికింద్రాబాద్‌కు 1874లో రైలు వచ్చింది. 1889 నాటికి సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాకా పట్టాలు పడ్డాయి. వేల ఎద్దులు నెలల తరబడి మోసే సరుకును గూడ్సు బండి రోజుల్లో దించేసింది. అదే కాలంలో, 1871లో, బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. ఎక్కడా నిలవకుండా తిరిగేవాళ్ళను అనుమానంతో చూడడం ఆ చట్టంతో రివాజైంది. సంచారం చేసే ఎన్నో జాతులు దాని కిందికి వచ్చాయి, మనవాళ్ళలో కొన్ని సమూహాలు కూడా. అది రద్దై విముక్తి దొరికింది 1952 ఆగస్టు 31న.

అటు బతుకుతెరువు పోయింది, ఇటు కదిలితే అనుమానం. అందుకే మనవాళ్ళు ఊళ్ళకు ఎడంగా, అడవి అంచున, రాళ్ళ గుట్టల పక్కన, పశువులకు మేత ఉన్న చోట ఆగిపోయారు. నడిచే గుంపుకు ఉన్న పేరే ఆగిన చోటుకు కూడా వచ్చింది. తండా అంటే ఒకప్పుడు బిడారు, తర్వాత పల్లె. దేవరకొండ, చందంపేట, డిండి, అచ్చంపేట, కల్వకుర్తి వైపు ఉన్న మన తండాలన్నీ ఇలా ఆగినవే.

హైదరాబాద్‌లో కూడా ఒక గుట్ట మీద మన పేరు నిలిచింది. బంజారాహిల్స్ ఊరికి దూరంగా రాళ్ళూ పొదలూ ఉన్న రోజుల్లో అక్కడ మనవాళ్ళు ఉండేవారు కాబట్టే ఆ పేరు వచ్చింది. నవాబ్ మెహదీ నవాజ్ జంగ్ అక్కడి బండరాళ్ళ నడుమ కట్టుకున్న ఇంటికి బంజారా పేరే పెట్టుకున్నారు. తర్వాత గుట్ట ధర పెరిగింది, పేరు మిగిలింది, మనుషులు మిగల్లేదు. 2022 సెప్టెంబరు 17న సంత్ సేవాలాల్ బంజారా భవన్ ప్రారంభమైంది కూడా ఆ బంజారాహిల్స్‌లోనే. మన పేరు నగరానికి పడమట ఉంది. మన అద్దె ఇళ్ళు తూర్పున ఉన్నాయి.

నీళ్ళు వచ్చిన దారి, మనుషులు వచ్చిన దారి

తూర్పునే ఎందుకు అని అడిగితే సాగర్ రోడ్డు జవాబు చెబుతుంది.

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాల్వలకు నీళ్ళు వదిలారు. కృష్ణా లోయలో ముంపుకు గురైన గ్రామాలతో పాటు లంబాడీ తండాలు కూడా ఉన్నాయి. నాగార్జునకొండ శిథిలాలను తవ్వి, కొలిచి, ఎత్తైన చోటికి తరలించి మ్యూజియం కట్టారు. మంచి పనే. తండా గుడిసెల కొలతలు ఎవరూ తీసుకోలేదు. వాటి గురించి మనకు మిగిలింది పెద్దవాళ్ళు చెప్పిన మాటలే.

డ్యాం నీళ్ళు కాల్వల వెంట దిగువకు పారాయి. దేవరకొండ వైపు నేల ఎత్తులో ఉంది. నది పక్కనే ఉన్నా నీళ్ళు పైకి ఎక్కవు. వాన పడితే జొన్న, ఆముదం, కంది. పడకపోతే వలస. ఈ కరువే మన తండాల నుంచి మనుషుల్ని కదిలించిన మొదటి కారణం.

ఇంకో సంగతి ఆలోచించండి. 2004లో హైదరాబాద్‌కు కృష్ణా తాగునీరు వచ్చింది. సాగర్ జలాశయం నీళ్ళను కోదండాపూర్ దగ్గర శుద్ధి చేసి, నసర్లపల్లి, గోడకొండ్ల, గున్‌గల్ మీదుగా పైపుల్లో పైకి ఎత్తుకుంటూ సాహెబ్‌నగర్‌కు తెస్తారు. సాహెబ్‌నగర్ అంటే వనస్థలిపురం పక్కన. ఎల్.బి.నగర్ చుట్టుపక్కల అద్దెకుండే మన ఇళ్ళ నల్లాల్లో వచ్చే నీళ్ళలో మన తాతల తండాలను ముంచిన నీళ్ళు ఉన్నాయి. నీళ్ళు, మనుషులు ఇంచుమించు ఒకే దారిన, నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం చేసి, ఒకే మూలకు చేరారు.

బస్సు దిగిన చోటు

దేవరకొండ నుంచి వచ్చే బస్సు కొండమల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం, తుర్కయాంజాల్, బి.ఎన్.రెడ్డి నగర్ దాటి సాగర్ రింగ్ రోడ్డుకు వస్తుంది. అక్కడి నుంచి పాత సాగర్ రోడ్డు కర్మన్‌ఘాట్, చంపాపేట్, సైదాబాద్ మీదుగా ఊళ్ళోకి పోతుంది. మనవాళ్ళు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక కాగితం మీద గుర్తులు పెడితే ఈ బస్టాపుల పేర్లే వరసగా వస్తాయి. సైదాబాద్ సింగరేణి కాలనీ గుడిసెల నుంచి హస్తినాపురం అద్దె పోర్షన్ల దాకా, బి.ఎన్.రెడ్డి నగర్ నుంచి తుర్కయాంజాల్ ప్లాట్ల దాకా, దాదాపు అన్నీ ఒక్క రోడ్డుకు అటూ ఇటూ ఉన్నవే. కూకట్‌పల్లి వైపో, మేడ్చల్ వైపో వెళ్ళినవాళ్ళు లేకపోలేదు. కానీ వాళ్ళు ఎక్కువగా వేరే జిల్లాల, వేరే రోడ్ల తండాలవాళ్ళు.

లండన్‌లో స్థిరపడిన జర్మన్ పటాల నిపుణుడు ఇ.జి. రావెన్‌స్టీన్ 1885లో ఇంగ్లండు జనాభా లెక్కలు ముందు పెట్టుకుని వలసల తీరు మీద ఒక పరిశోధన రాశాడు. వలస వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది కొద్ది దూరమే వెళ్తారని తేల్చాడు. పెద్ద నగరానికి పక్క ఊళ్ళవాళ్ళు ముందు వస్తారని, వాళ్ళు ఖాళీ చేసిన చోటికి ఇంకాస్త దూరంవాళ్ళు వస్తారని చెప్పాడు. మన సాగర్ రోడ్డును అతను చూడలేదు. చూసి ఉంటే తన మాటకు ఇంకో సాక్ష్యం దొరికేది. మాల్‌లో కూలికి కుదిరినవాడు ఇబ్రహీంపట్నం రావడం, ఇబ్రహీంపట్నంలో ఉన్నవాడు బి.ఎన్.రెడ్డి నగర్ రావడం, అతని వెనక తండాలోని తమ్ముడు మాల్‌కు రావడం మనకు తెలిసిన కథే.

మన దేశంలో కూడా అంతే. 2011 జనాభా లెక్కల్లో పుట్టిన చోటో, అంతకుముందు ఉన్న చోటో వదిలి వచ్చినవాళ్ళు దాదాపు 45.6 కోట్ల మంది. దేశ జనాభాలో 37 శాతం. దేశంలోపల కదిలినవాళ్ళలో పదిమందికి ఆరుగురు సొంత జిల్లా దాటలేదు. వలస అనగానే మన కళ్ళ ముందు ముంబై రైలు, దుబాయి విమానం కదులుతాయి. కానీ లెక్కల్లో ఎక్కువగా కనిపించేది పక్క మండలం.

బస్సు దిగిన చోటే ఎందుకు ఆగిపోతారు? కారణాలు చాలా మామూలువి. తెల్లారి అడ్డా మీద నిలబడాలి. ఆ అడ్డాకు తీసుకుపోయేవాడు మన తండావాడే. మొదటి నెల అతని ఇంట్లోనే పడుకోవాలి. శనివారం రాత్రి తండాకు పోయే బస్సు నడిచి వెళ్ళేంత దూరంలో దొరకాలి. ఇంట్లో ముసలివాళ్ళకు జబ్బు చేస్తే కబురు త్వరగా అందాలి. నగరం ఎంత పెద్దదైనా మొదటిసారి వచ్చిన మనిషికి అది ఒక రోడ్డు, ఒక అడ్డా, ఒక బంధువు ఇల్లు. అంతే.

చదువుకున్న పిల్లలు వేరే తలుపు నుంచి వచ్చారు. తెలంగాణలో లంబాడీలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చింది 1976 సవరణ చట్టంతో. అది 1977 జులై 27 నుంచి అమలైంది. ఆ తర్వాతి తరానికి గిరిజన సంక్షేమ హాస్టల్, స్కాలర్‌షిప్, ఉద్యోగంలో రిజర్వేషన్ అనే మూడు మెట్లు దొరికాయి. మూడో మెట్టు కింద దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు ఉన్నాయి. ఒకప్పుడు దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే ఆయన భూమిగా ఉండి ఆయన పేరుతో వెలిసిందని చెప్పే ఆ చోటు గ్రూప్స్‌కు, ఎస్.ఐ. పోస్టులకు, డీఎస్సీకి చదివే పిల్లల ఊరైపోయింది. ఒక గదిలో నలుగురు, ఒక ట్రంకు పెట్టె, ఒక కర్రీ పాయింట్. ఉద్యోగం వచ్చినవాడు ఇల్లు తీసుకున్నది మాత్రం మళ్ళీ ఎల్.బి.నగర్ అవతలే, సాగర్ రోడ్డు మీదే.

ఏడు ఇళ్ళ లెక్క

మా ఇంటి లెక్కే చెబుతాను. ఇది గొప్ప కథేం కాదు, అందుకే చెబుతున్నాను. మీ ఇంట్లోనూ ఇలాగే జరిగి ఉంటుంది.

మా నాన్న 1994లో చందంపేట వైపు తండా నుంచి అమ్మనూ ముగ్గురు పిల్లలనూ తీసుకుని వచ్చాడు. మొదటి ఇల్లు చంపాపేట్ దగ్గర ఒక గుడిసె. తండా నుంచి అక్కడికి నూట ఇరవై కిలోమీటర్ల పైన. రెండోది కర్మన్‌ఘాట్‌లో ఒక గది, రెండు కిలోమీటర్లు. మూడోది హస్తినాపురం, మూడు కిలోమీటర్లు. నాలుగోది అదే హస్తినాపురంలో వెనక గల్లీ, మూడు వందల అడుగుల నడక. ఓనరు కొడుక్కి పెళ్ళి కుదిరి పోర్షన్ ఖాళీ చేయమన్నాడు. సామాను తలమీద మోసుకుపోయాం, ఆటో కూడా పిలవలేదు. ఐదోది దిల్‌సుఖ్‌నగర్ పి అండ్ టి కాలనీ వైపు, అక్క కోచింగ్ కోసం రెండేళ్ళు, ఆరు కిలోమీటర్లు. ఆరోది బి.ఎన్.రెడ్డి నగర్. ఏడోది తుర్కయాంజాల్‌లో సొంత ప్లాటులో కట్టుకున్న రెండు గదులు, 2016లో.

మొదటి కదలికను పక్కన పెడితే మిగతా ఆరూ కలిపినా ముప్పై కిలోమీటర్లు దాటవు. ఇరవై రెండేళ్ళలో ముప్పై కిలోమీటర్లు! మండీ చూసిన ఎద్దుల తండా మూడు రోజుల్లో నడిచిన దూరం.

కానీ ఏ కదలిక కష్టమైందని అమ్మను అడిగితే ఆమె నూట ఇరవై కిలోమీటర్ల సంగతి చెప్పదు. "అప్పుడు మనవాళ్ళంతా ఒకే లారీలో వచ్చాం, నవ్వుకుంటూ వచ్చాం" అంటుంది. ఆమెకు గుర్తున్నది ఐదో ఇల్లు. ఆరు కిలోమీటర్ల దూరం. ఆ ఇంటికి ముందు మూడు ఇళ్ళు చూశాం. రెండు చోట్ల టు-లెట్ బోర్డు ఉంది, అద్దె కూడా కుదిరింది, అడ్వాన్సు ఇవ్వబోతుంటే "మీరెవరు?" అని అడిగారు. చెప్పాక ఒకచోట బంధువులు వస్తున్నారన్నారు, ఇంకోచోట బోర్డు తీసేశారు. మూడోచోట దొరికింది. అక్కడ రెండేళ్ళూ అమ్మ పగలు గోర్‌బోలిలో గట్టిగా మాట్లాడలేదు. పలకరించడానికి నడిచిపోయేంత దూరంలో మన మనిషి లేదు. ఇంట్లో నాతో తెలుగులో మాట్లాడడం మొదలుపెట్టింది ఆ ఇంట్లోనే.

ప్రతి ఇంటికీ మాతో వచ్చిన వస్తువు ఒకటుంది. నాయనమ్మ తిరగలి. మూడో ఇల్లు దాటాక దాన్ని ఎవరూ తిప్పలేదు. అయినా ట్రాలీ ఆటోలో మొదట అదే ఎక్కేది.

లెక్కలోకి రాని కదలికలు

జనాభా లెక్కలవాళ్ళు మనల్ని అడిగేది ఇంతకుముందు ఏ ఊళ్ళో ఉన్నారని. ఊరు మారితేనే వలస, గల్లీ మారితే కాదు. 2007కు ముందు గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ వేర్వేరు మునిసిపాలిటీలు. దిల్‌సుఖ్‌నగర్ పక్కన ఇల్లు ఖాళీ చేసి నాలుగు కిలోమీటర్ల అవతల ఎల్.బి.నగర్‌లో దిగితే పట్టణం మారినట్టే. 2007 ఏప్రిల్ 16న పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది గ్రామ పంచాయతీలు కలిసి జీహెచ్‌ఎంసీ ఏర్పడింది. ఆ రెండు మునిసిపాలిటీలూ అందులో కలిశాయి. అదే ఇల్లు, అదే దూరం, అదే ట్రాలీ ఆటో. కానీ ఇప్పుడది ఒకే నగరంలో ఇల్లు మారడం మాత్రమే. మా ఏడు ఇళ్ళలో నాలుగైదు ఏ లెక్కలోకీ రావు.

లెక్కలోకి రాకపోయినా వాటికి కారణాలున్నాయి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట్ నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో నడిచింది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్.బి.నగర్ స్టేషన్ల చుట్టూ ఇళ్ళకు గిరాకీ పెరిగింది. మెట్రో పునాదుల్లో పనిచేసిన కూలీలకు మెట్రో పక్కన అద్దె అందలేదు. 2020 అక్టోబరు వానల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. కింది అంతస్తు చవకని దిగినవాళ్ళు బట్టలు, సర్టిఫికెట్లు పట్టుకుని నాలుగు గల్లీల అవతల మెరక మీదికి మారారు. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ను అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉన్న బాటసింగారానికి తరలించారు. మార్కెట్ ఉన్న చోట పెద్దాసుపత్రికి పునాది పడింది. హమాలీలకు, తోపుడు బండ్లవాళ్ళకు పని ఒక్కసారిగా ఇరవై కిలోమీటర్ల అవతలికి పోయింది. పని కదిలితే ఇల్లు కదలాలా, లేక రోజూ మనిషే కదలాలా? పిల్లల బడి ఇక్కడ ఉంటే ఇల్లు కదలదు. తండ్రి తెల్లవారుజామున మూడింటికి లేస్తాడు.

ఇంకో సంగతి గమనించారా? మనవాళ్ళు సొంత ఇల్లు కట్టుకున్న చోట్లు చూడండి. తుర్కయాంజాల్, ఆదిబట్ల, బొంగ్లూరు, ఇబ్రహీంపట్నం. అద్దెకు నగరం లోపలికి వచ్చాం, సొంతానికి మళ్ళీ బయటికి పోతున్నాం. వచ్చిన రోడ్డు మీదే, వచ్చిన దిక్కుకే. డబ్బు సరిపోయిన చోట ప్లాటు దొరుకుతుంది. ఆ చోటు ప్రతి ఏడూ తండా వైపు ఇంకో కిలోమీటరు జరుగుతోంది.

గీత దాటితే

దూరం కిలోమీటర్లలో మాత్రమే ఉండదు. ఒక గీత కూడా దూరమే. తెలంగాణలో మనం షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో బంజారాలు షెడ్యూల్డు కులం. మహారాష్ట్రలో విముక్త జాతి. జహీరాబాద్ నుంచి బీదర్‌కు బస్సులో గంట ప్రయాణం లేదు. ఆ ప్రయాణంలో మన దేవతలు మారరు, పాట మారదు, మాట పెద్దగా మారదు. కానీ కాగితం మారిపోతుంది. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. నూట ఇరవై కిలోమీటర్లు సాగర్ రోడ్డు మీద వస్తే పోని హక్కు ముప్పై కిలోమీటర్లు అటు వెళ్తే పోతుంది. పిల్లలకు ఈ సంగతి తెలియాలి.

ఆడపిల్ల నడిచిన దూరం

మన చరిత్రలో అందరికంటే ఎక్కువసార్లు ఇల్లు మారినవాళ్ళు ఆడవాళ్ళు. సొంత గోత్రంలో పెళ్ళి చేసుకోం కాబట్టి ఒకే గోత్రంవాళ్ళు నిండిన తండాలో పుట్టిన పిల్ల పెళ్ళయితే తండా దాటవలసిందే. దేశం మొత్తం మీద కూడా 2011 లెక్కల్లో వలస వచ్చినవాళ్ళలో దాదాపు సగం మంది చెప్పిన కారణం పెళ్ళి. కొద్ది దూరాలు కదిలేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువని రావెన్‌స్టీన్ కూడా అన్నాడు.

ఈ దూరానికి మనవాళ్ళు ఒక గౌరవం ఇచ్చారు. పెళ్ళికూతుర్ని ఎద్దు మీద నిలబెట్టి, పుట్టింటికి దీవెనలు పాడించి పంపేవారు. పోయే దూరం పది మైళ్ళే కావచ్చు, ఏడుపు మాత్రం సముద్రాలు దాటుతున్నట్టు ఉండేది. ఇల్లు మారడం అంటే ఏమిటో మన జాతికి అంత బాగా తెలుసు. ఇప్పుడు హస్తినాపురం పిల్లను బి.ఎన్.రెడ్డి నగర్‌కు ఇస్తున్నాం. ఫంక్షన్ హాల్లో ఎద్దు లేదు. ఆ పాట తెలిసిన ముసలివాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు వరసలో కూర్చుని ఉంటారు. వాళ్ళను అడిగి పాడించుకుంటున్నది ఎంతమంది?

నడక దూరం

ఈ లెక్కలన్నీ కలిపి చూస్తే నాకు తోచింది ఇది. మన పెద్దలకు కదలడం భయం కాదు. విడిపోవడం భయం. వందల మైళ్ళు నడిచినా గుంపు చెదరలేదు. నగరంలో రెండు, మూడు కిలోమీటర్లే కదిలాం, గుంపు చెదిరింది. అందుకే మనవాళ్ళు తెలిసో తెలియకో ఇల్లు వెతికేటప్పుడు అద్దెతో పాటు ఇంకో కొలత పట్టుకున్నారు. మన మనిషి ఇంటికి నడిచిపోగలమా లేదా అన్నదే ఆ కొలత.

ఆ కొలత నిలిచిన చోట తీజ్ నిలిచింది. శ్రావణంలో పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్ళు పోసి మొలకలు పెంచాలంటే, రోజూ సాయంత్రం వాళ్ళంతా ఒక చోటికి చేరాలి. ఇంటి నుంచి రెండు బస్సులు మారి వచ్చే పిల్ల తొమ్మిది రోజులూ రాలేదు. నడిచి వచ్చే పిల్ల వస్తుంది. భాష కూడా అంతే. గోర్‌బోలికి మనకంటూ స్థిరపడిన సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. అది బతికేది గడప దగ్గర, నల్లా దగ్గర, మెట్ల మీద. పక్కింట్లో మాట్లాడేవాళ్ళు లేకపోతే ఒక్క తరంలో పోతుంది. మా ఐదో ఇంట్లో రెండేళ్ళలో ఏం జరిగిందో పైన చెప్పాను.

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చాక ఎన్నో తండాలు సొంత గ్రామ పంచాయతీలయ్యాయి. 2019 జనవరిలో మొదటి సర్పంచులను ఎన్నుకున్నాం. మంచి రోజు అది. తండాకు హద్దులు, రికార్డు, ఆఫీసు వచ్చాయి. కానీ సాగర్ రోడ్డు వెంట అద్దె ఇళ్ళలో పరచుకున్న ఈ పొడవాటి తండాకు ఏ రికార్డూ లేదు. ఇక్కడి మనవాళ్ళ చరిత్ర రెంటల్ అగ్రిమెంట్లలో, గ్యాస్ బుక్కుల్లో, బడి టీసీల్లో ముక్కలుగా ఉంది. ఇల్లు మారిన ప్రతిసారీ వాటిలో కొన్ని పోతున్నాయి.

అందుకే ఈ సంచిక చదివే ప్రతి కుటుంబానికీ ఒక మనవి. ఒక కాగితం తీసుకోండి. పైన తండా పేరు రాయండి. కింద వరసగా మీరున్న ప్రతి ఇల్లు, ఏ ఏడు, ఏ గల్లీ, ముందు ఇంటి నుంచి ఎంత దూరం, ఎందుకు మారారు, ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరు, పోయినవాళ్ళెవరు, నడక దూరంలో మనవాళ్ళెవరు ఉండేవారు, అన్నీ రాయండి. మీకు గుర్తులేకపోతే మీ అమ్మను అడగండి, ఆమెకు గుర్తుంటుంది. ఫిబ్రవరి 15న సేవాలాల్ జయంతికి కలిసినప్పుడు ఆ కాగితాలు తెచ్చి ఒకచోట పెడదాం. మనవాళ్ళు చరిత్ర రాసుకోలేదని అంటుంటారు. వాళ్ళు నడుస్తూ ఉన్నారు, రాసే తీరిక లేకపోయింది. మనకు ఇప్పుడు కుర్చీ ఉంది, కాగితం ఉంది.

మా ఇంటి కాగితం రాయడం అయింది. ఏడు వరసలు. చివరి వరసలో "ఎందుకు మారారు" అన్న చోట నాన్న ఏం రాయించాడంటే, "ఇక్కడి నుంచి తండా బస్సు ఎక్కడం సులువు" అని.